కాన్పుకు బయల్దేరే ముందు

తొమ్మిదో నెల పడగానే ఇవి చూసుకోండి.

- మాతా శిశు రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు ఒకే సంచిలో. 108కి ఎవరు ఫోన్ చేయాలో ముందే అనుకోండి.

- హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే ఊరుకోకండి. తల్లికి రక్తం తక్కువైతే బిడ్డ బరువు తగ్గే ప్రమాదముంది. 2.5 కిలోల లోపు పుట్టినవాళ్లకు పెద్దయ్యాక బీపీ, షుగర్ ముప్పు కాస్త ఎక్కువ. ఐరన్ మాత్ర టీతో వద్దు, నిమ్మరసంతో వేసుకోండి.

- బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయడం కుదురుతుందా అని డాక్టర్‌ను అడగండి. ఆ కాసేపట్లో తాడు గుండా బిడ్డకు చేరే రక్తంలోని ఐరన్ నెలల తరబడి పనికొస్తుంది.

- మొదటి గంటలోనే ముర్రుపాలు. పచ్చగా ఉన్నాయని పిండి పారబోయించే అత్తమ్మలు, తేనె నాకించే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు! వాళ్లకు ఇప్పుడే నచ్చజెప్పండి, నొప్పులప్పుడు కాదు.

- బిడ్డకు పుట్టిన రోజే స్నానం వద్దు, ఒళ్లు చల్లబడుతుంది.