పూత దశలో గంజాయి మొక్కలకు పట్టే ఎర్రనల్లి: కొత్తగా వచ్చినవారికి సూచనలు

ఇంట్లో గంజాయి మొక్క పెంచుకోవడాన్ని చట్టం అనుమతించే దేశానికి కొత్తగా వచ్చినవారు, నల్లి సంగతి చూసేముందు ఆ అనుమతి తమకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవాలి. కెనడాలో 2018 అక్టోబరు 17 నుండి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఆ లెక్క మనిషికి కాదు, ఇంటికి. ఆ దేశంలోని క్యుబెక్ రాష్ట్రంలో అదీ కుదరదు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుండి వయోజనులు ఒక్కొక్కరు మూడు మొక్కలు పెంచుకోవచ్చు గాని, కనీసం ఆరు నెలలుగా ఆ దేశంలో నివాసం ఉంటున్నవారికే ఆ వెసులుబాటు. అమెరికాలో రాష్ట్రం ఒప్పుకున్నా సమాఖ్య చట్టం ఒప్పుకోదు కనుక, పౌరసత్వం లేనివారు ఈ పెంపకం జోలికి పోయి వీసాకో గ్రీన్‌కార్డుకో ముప్పు తెచ్చుకోకూడదు. అద్దె ఇల్లయితే ఒప్పంద పత్రాన్ని కూడా ఒకసారి చదువుకోవాలి.

ఇక నల్లి విషయం. ఎర్రనల్లి అని మనం పిలిచేవాటిలో ఈ మొక్కలను ఎక్కువగా పీడించేది రెండు చుక్కల సాలీడు నల్లి. శాస్త్రీయ నామం టెట్రానికస్ ఉర్టికే. ఇది కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు జాతికి చెందిన జీవి, కాబట్టి కీటకాల కోసం తయారైన మందులు చాలావరకు దీనిమీద పనిచేయవు. పైగా పైరెత్రాయిడ్ రకం మందులు నల్లిని తినే మేలైన జీవులను చంపి, నల్లిని మరింత పెంచుతాయి. పెద్దదైన ఆడ నల్లి కూడా అర మిల్లీమీటరుకు మించదు. వేడి, పొడి గాలి దీనికి ఇష్టం. సుమారు 27 నుండి 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో గుడ్డు నుండి పెద్దది కావడానికి వారం రోజులకు కాస్త అటూ ఇటూ చాలు. మగతోడు లేకున్నా ఆడది గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లనుండి మగవి పుడతాయి, వాటితో కలిసి మళ్లీ సంతతి పెరుగుతుంది. అంటే, బట్టలకో కొత్త మొక్కకో అంటుకుని వచ్చిన ఒక్క ఆడ నల్లి చాలు గది నిండడానికి. చలిదేశాలలో ఇళ్లను వెచ్చబరిచే యంత్రాలు గాలిని పొడిబారుస్తాయి కనుక, బయట మంచు కురుస్తున్నా లోపల దీనికి వేసవే.

గుర్తించడానికి ఆకు పైభాగం ఒక్కటే చూస్తే సరిపోదు. పైన సన్నని లేత పసుపు చుక్కలు సూదితో గుచ్చినట్టు కనబడతాయి. అవి నల్లి రసం పీల్చిన కణాల జాడలు. పోషక లోపంవల్ల వచ్చే పసుపుదనం ఈనెల వెంబడో, ఈనెల మధ్యనో, అంచులలోనో ఒక పద్ధతిలో పరుచుకుంటుంది, ఈ చుక్కలకు ఆ క్రమం ఉండదు. అనుమానం వచ్చిన ఆకును తిప్పి, మధ్య ఈనెకు ఆనుకుని ఉన్న చోటును కనీసం పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలించాలి: వీపుకు రెండువైపులా నల్లని మచ్చలతో మెల్లగా కదిలే పాలిపోయిన జీవులు, వాటి పక్కన ముత్యాల్లా మెరిసే గుండ్రని గుడ్లు, విడిచిన తెల్లని పొట్టు కనిపిస్తే సందేహం అక్కరలేదు. భూతద్దం లేకపోతే ఆకు కింద తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టి, రాలిన దుమ్ములో నడిచే చుక్కలున్నాయేమో చూడవచ్చు. కొమ్మల మధ్య నల్లి సాలెగూడులాంటి బూజు అల్లుకునేవరకు ఆగినవారికి పని నాలుగింతలవుతుంది.

పూత దశలో చిక్కేమిటంటే, చంపే మందులు లేకపోవడం కాదు, పిచికారీ చేసినది పూగుత్తిలోనే ఉండిపోవడం. జిగురు నూగుతో నిండిన ఆ గుత్తులను కడిగి శుభ్రం చేయడం సాధ్యం కాదు, చివరకు వాటిని కాల్చి పీల్చేవారూ ఉంటారు. నోటితో తినే కూరగాయపై అనుమతించిన మందు, వేడికి ఎలా మారుతుందో ఎవరూ మనకోసం పరీక్షించి ఉండరు. మైక్లోబ్యుటానిల్ అనే శిలీంద్రనాశిని వేడిచేస్తే హైడ్రోజన్ సయనైడ్ విడుదల కావడం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. కాబట్టి అబామెక్టిన్, ప్రోపర్‌గైట్, డైకోఫాల్ వంటి నల్లిమందులను, పొలంలో ఎంత బాగా పనిచేసినవైనా, ఇక్కడ తలచుకోవద్దు. స్వదేశం నుండి సంచిలో తెచ్చుకున్న పురుగుమందులను వాడడం చట్టరీత్యా కూడా ముప్పే. మన చేయి ముందుగా పోయేది వేపనూనె మీదికి. మొక్క ఎదిగే దశలో, అక్కడి నిబంధనలు అనుమతిస్తే, అది మంచి సాధనమే; పూమొగ్గలు ఏర్పడ్డాక మాత్రం ఆ నూనె వాసన, రుచి గుత్తిలో నిలిచిపోతాయి. గంధకం విషయమూ అంతే. పైగా నూనె వాడిన కొద్ది రోజుల్లోనే గంధకం చల్లితే ఆకులు మాడిపోతాయి.

పూత మొదలైన రెండు మూడు వారాలలోపు తెగులు కనబడితే ఇంకా చేయగలిగింది చాలా ఉంది. ఎక్కువగా చెడిన ఆకులను తుంచి వెంటనే సంచిలో మూటకట్టి బయట పారవేయాలి. గదిలో చెత్తబుట్టలో వేస్తే వాటిమీది నల్లులు నడిచి తిరిగి వస్తాయి. కుండీని కాస్త వంచి, ఆకు అడుగు భాగాలను మెత్తని నీటి ధారతో కడిగి, ఫ్యాను గాలికి త్వరగా ఆరబెట్టాలి. తినే పంటలకు అనుమతించిన పొటాషియం లవణాల సబ్బు ద్రావణాన్ని, చీటీపై రాసిన మోతాదులోనే, ఆకుల అడుగున తగిలేలా వాడవచ్చు. అది తగిలిన నల్లినే చంపుతుంది, గుడ్లను పెద్దగా ఏమీ చేయదు కనుక మూడు నాలుగు రోజులకొకసారి మళ్లీ చేయక తప్పదు. గిన్నెలు తోమే సబ్బు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

గుత్తులు దట్టమయ్యాక ఆకులను నీటితో కడగడమూ ఆపాలి, ఎందుకంటే తడి గుత్తిలో బూడిదరంగు బూజు తెగులు అనే శిలీంద్రం చేరితే నల్లికన్నా అదే ఎక్కువ నష్టం చేస్తుంది. అప్పుడు నమ్మదగినది మిత్ర నల్లి. ఫైటోసియులస్ పెర్సిమిలిస్ అనే నారింజరంగు నల్లి సాలీడు నల్లిని తప్ప మరేమీ తినదు, ఆహారం అయిపోగానే తానూ అంతరించిపోతుంది. 1958లో చిలీ నుండి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో అనుకోకుండా జర్మనీకి చేరిన ఈ జీవి, ఆ తరువాత ప్రపంచమంతటా హరితగృహాలలో పనికి కుదిరింది. దీనికి గాలిలో తేమ 60 శాతానికి మించి ఉండాలి. పొడి గదిలో గుడ్లు ఎండిపోతాయి. అంత తేమ పూగుత్తులకు మంచిది కాదనుకునేవారు నియోసియులస్ కాలిఫోర్నికస్‌ను ఎంచుకోవచ్చు. అది నెమ్మదిగా పనిచేసినా పొడిని, వేడిని తట్టుకుంటుంది, నల్లి తక్కువగా ఉన్నప్పుడు పుప్పొడితో కూడా బతుకుతుంది. జిగురు గుత్తులలో ఇవి కూడా చిక్కుకుంటాయి కనుక ఆకులపై, కొమ్మల కింది భాగాలలో వదలాలి, అంతకుముందు ఏ మందూ చల్లి ఉండకూడదు. తెగులు ముదిరాక తెప్పించి ఫలితం లేదని తిట్టుకోవడం న్యాయం కాదు. కొద్దిగా కనబడగానే విడవడమే వీటిని వాడే పద్ధతి. దీనితోపాటు గదిని 20 డిగ్రీల దగ్గరకు చల్లబరిస్తే నల్లి పెరుగుదల బాగా మందగిస్తుంది.

కోతకు వారం పది రోజులే ఉందనుకుంటే, ఏదో ఒకటి చల్లేకన్నా కాస్త ముందుగా కోయడమే నయం. నల్లి బూజు అల్లుకున్న గుత్తులను మనసు చంపుకుని పారవేయాలి. నల్లి అవశేషాలు కొందరికి అలర్జీని, ఉబ్బసాన్ని రేపుతాయి. కోత అయ్యాక రాలిన ఆకులన్నీ ఏరి, గోడ పగుళ్లను, మొక్కలు పెంచే గుడారం ఉంటే దాని కుట్లను వాక్యూంతో పీల్చి, కుండీలను పలుచని బ్లీచింగ్ నీటితో కడగాలి, ఎందుకంటే చలికి, పగలు తగ్గడానికి స్పందించి నారింజరంగుకు మారిన ఆడ నల్లులు ఆ పగుళ్లలో తిండి లేకుండానే నెలల తరబడి దాగి ఉండగలవు. తరువాతి కొత్త మొక్కను తెచ్చినప్పుడు, ఎంత నమ్మకస్తులు ఇచ్చినదైనా, రెండు వారాలపాటు వేరే గదిలో ఉంచి, ఆకుల అడుగు భాగాలు చూస్తూ ఉండి, ఆ తరువాతే మిగతావాటి పక్కన పెట్టాలి.