హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్: మొదటి డోసుకు ముందు

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టబోతుంటే, ఆసుపత్రికి వెళ్లేలోపు ఇవి చూసుకోండి.

• "ముందుగా మాత్రలేమైనా వాడాలా?" అని డాక్టరును అడగండి. ల్యూప్రోలైడ్ టెస్టోస్టెరాన్‌ను (ఈ క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోన్) తగ్గించే ముందు ఒకటి రెండు వారాలు పెంచుతుంది. క్యాన్సర్ వెన్నెముకకు పాకి ఉంటే అదే ప్రమాదం, లోపలి నరాలు నొక్కుకుపోవచ్చు. అందుకే చాలామందికి ఆ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ లాంటి మాత్రలు ముందే ఇస్తారు. ఇంజెక్షన్ తర్వాత కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం ఆగిపోయినా తెల్లారనివ్వకండి, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.

• పెట్టె మీద మోతాదు చదవండి. నెలకోసారి వేసేది, మూడు నెలలకోసారి వేసేది వేర్వేరు. నెలవి మూడు కలిపి వేస్తే మూడు నెలలది అయిపోదు.

• తర్వాతి తేదీ ఆసుపత్రిలోనే రాయించుకోండి. పండగని, పెళ్లని వారాలు జరిపితే హార్మోన్ మళ్లీ పెరగొచ్చు.

• ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటా? కంపెనీని బట్టి మారుతుంది. మెడికల్ షాపులోనే అడిగేయండి.

• రక్తం పలచబడే మందులు, గుండె మందులు వాడుతుంటే ముందే చెప్పండి. షుగర్ ఉంటే తరచూ చూసుకోండి, పెరగొచ్చు.

• ఒంట్లో వేడి ఆవిర్లు మామూలే. మా నాన్నకు డిసెంబరులోనూ ఫ్యాన్ ఆగేది కాదు. దానికి భయపడి ఇంజెక్షన్ మానేయకండి. ఎముకలు మాత్రం పలచబడతాయి, కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి.