ఆర్గానిక్ సరుకులతో బిల్లు పెరిగిపోతోందా? తేడా ఎక్కడ కొడుతోందో చూద్దాం

మాది విజయవాడ, నలుగురం ఉన్న ఇల్లు. ఆరేళ్లుగా వంటింటి సరుకుల్లో చాలావరకు రసాయన మందులు లేకుండా పండించినవే వాడుతున్నాం. మొదటి ఏడాది ఖర్చు తట్టుకోలేక రెండుసార్లు మానేశాం. ధరలు ఎక్కువనే మాట నిజమే. కానీ మేం కొనే పద్ధతి వల్ల పోతున్న డబ్బు అంతకంటే ఎక్కువని తర్వాత అర్థమైంది. అప్పుడు ఎదురైన ఇబ్బందులు, వాటికి దొరికిన దారులు ఇవి.

సమస్య: మొదటి నెలకే బిల్లు రెట్టింపయింది

కారణం: బియ్యం నుంచి ఆవాల దాకా అన్నీ ఒకేసారి మార్చేయడం. అదీ అరకిలో ప్యాకెట్లలో.

పరిష్కారం: తక్కువ వాడేవి, పొలంలో ఎక్కువ మందులు పడేవి ముందు మార్చండి. ఆర్గానిక్ ఎండుమిర్చి మామూలు దానికంటే కిలోకి 200 రూపాయలు ఎక్కువ అనుకుందాం. మా నలుగురికీ ఏడాదికి నాలుగు కిలోలు చాలు. అంటే ఏడాదికి 800, నెలకు 67 రూపాయలు అదనం. అదే బియ్యం కిలోకి 30 రూపాయలే ఎక్కువైనా, నెలకు పాతిక కిలోలు వండే ఇంట్లో 750 తేలుతుంది. పైగా మిరపకు ఎన్నిసార్లు మందు కొడతారో గుంటూరు వైపు ఏ రైతును అడిగినా చెబుతారు. అందుకే మేం కారం, పసుపుతో మొదలుపెట్టాం. ఆ తర్వాత పప్పులు, ఆ తర్వాత నూనె, బెల్లం. బియ్యం మార్చింది మూడో ఏడాదిలో. బియ్యం దాకా వెళ్లలేకపోయినా బాధపడక్కర్లేదు, మార్చిన మేరకు మంచిదే.

పసుపు మాత్రం పొడి కొనకండి. కొమ్ములు కొని మర ఆడించుకుంటే రంగులు కలిశాయేమోనన్న అనుమానం చాలావరకు తగ్గుతుంది.

రెండో సంగతి, కొనే నెల. కందులు సంక్రాంతి నుంచి మార్చి దాకా వస్తాయి. కృష్ణా డెల్టాలో వరి కోశాక వేసే మినుములు, పెసలు ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తాయి. మిర్చి, పసుపు, కొత్త చింతపండు కూడా దాదాపు అప్పుడే. ఏడాది సరుకులో సగం ఈ మూడు నెలల్లోనే కొనాలి కాబట్టి, చిట్టీ కట్టినట్టు నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో ఐదు ఇళ్లు కలిసి బస్తాల్లో తెప్పించుకుని తూకం వేసి పంచుకుంటాం. ప్యాకింగు, దుకాణం అద్దె, డెలివరీ ఛార్జీలు మన నెత్తిన పడవు. పెద్ద తేడా ఇక్కడే కనిపించింది.

సమస్య: ప్యాకెట్ మీద 'నేచురల్' అని ఉంది, కొనాలా వద్దా?

'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్', 'అన్‌పాలిష్డ్' అనే మాటలకు ఆర్గానిక్ అని అర్థం కాదు. అన్‌పాలిష్డ్ అంటే పప్పుకు మెరుగు పెట్టలేదని మాత్రమే, పొలంలో మందు కొట్టలేదని కాదు. నేను కూడా ఏడాది పాటు ఆ మాట చూసే ఎక్కువ డబ్బు పెట్టాను.

ప్యాకెట్ మీద జైవిక్ భారత్ లోగో (ఆర్గానిక్ సరుకుకు ఉండే ప్రభుత్వ గుర్తు), దానితో పాటు ఇండియా ఆర్గానిక్ లేదా పీజీఎస్ ఇండియా గుర్తు ఉన్నాయేమో చూడండి. పీజీఎస్ అంటే ఒక ఊరి రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. ఇందులో రైతుకు ఖర్చు తక్కువ. దీనిలోనే 'పీజీఎస్ గ్రీన్' అని ఉంటే ఆ పొలం ఇంకా మారే దశలో ఉందని అర్థం. మాకు ఆ సరుకు కాస్త తక్కువకే దొరుకుతోంది, సంతోషంగా కొంటున్నాం. మారుతున్న రైతుకు ఆ మొదటి రెండు మూడేళ్లే కష్టం.

గుర్తు లేని సరుకంతా మోసమనీ అనుకోకండి. ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న రైతు నేరుగా మనకే అమ్మితే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. జైవిక్ భారత్ లోగో మాత్రం వాడకూడదు. అలాంటప్పుడు రైతుతో మాట్లాడటమే మార్గం. "ఘనజీవామృతం ఎప్పుడు వేశారండీ? పురుగొస్తే ఏం కొట్టారు?" అని అడగండి. ఘనజీవామృతం అంటే ఆవు పేడ, మూత్రంతో చేసే ఎరువు. నిజంగా చేసే మనిషి పురుగుకు కొట్టే వేపాకు కషాయం నీమాస్త్రం దగ్గర్నుంచి పక్క పొలం గొడవ దాకా అరగంట చెబుతాడు. ఆంధ్రలో 2016 నుంచి ప్రభుత్వం తరఫున రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో మహిళా సంఘాలు ఊరూరా ఉన్నాయి. కొన్ని రైతుబజార్లలో వాళ్ల స్టాళ్లు కూడా ఉంటాయి. హైదరాబాద్ వాళ్లయితే రైతు సంఘాల సరుకు అమ్మే సహజ ఆహారం దుకాణాల్లో అడగొచ్చు.

సమస్య: చవగ్గా ఎక్కువ కొన్నాం, పురుగు పట్టి పారబోశాం

రెండో ఏడాది పది కిలోల పెసలు కొన్నాను. ఆగస్టులో డబ్బా మూత తీస్తే ముక్కిన వాసన. గుప్పెడు తీసి చూస్తే గింజగింజకూ గుండుసూది తలంత గుండ్రటి కన్నం. కన్నం పడని గింజల మీద తెల్లటి చుక్కలు అంటుకుని ఉన్నాయి. అవి పుచ్చు పురుగు గుడ్లు. అడుగున పిండిపిండిగా ధూళి. పదికి ఆరు కిలోలు పోయాయి.

కారణం రెండు రకాలు. ఈ గుడ్లు చాలాసార్లు పొలం నుంచే గింజతో వస్తాయి, గోదాములో మందు పొగ పెట్టని సరుకు కాబట్టి బతికే ఉంటాయి. రెండోది నా తప్పు. మేడ మీద ఎండబెట్టి, వేడి తగ్గకముందే డబ్బాలో పోసి మూత బిగించాను. లోపల చెమ్మ పట్టింది.

మా అత్తయ్య నేర్పిన పద్ధతి ఇది. పప్పులు రెండు రోజులు మంచి ఎండలో పెట్టాలి. సాయంత్రం తెచ్చి గచ్చు మీద పల్చగా పరిచి రాత్రంతా ఆరనివ్వాలి. "చెయ్యి లోపలికి పెడితే చల్లగా తగలాలమ్మా, అప్పుడే డబ్బాలో పొయ్యి" అంటారావిడ. తర్వాత కిలోకి చిన్న చెంచాడు ఆముదం అరచేతుల్లో రాసుకుని గింజలకు పట్టించాలి. వండే ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగితే వాసన పోతుంది. బియ్యాన్ని మాత్రం ఎండలో పెట్టకండి, పగిలి నూకవుతుంది. నీడలో ఆరబెడితే చాలు.

పుచ్చు పురుగు గుండు గింజకు పట్టినంతగా బద్దకు పట్టదు. అందుకే ఇప్పుడు పెసలు, మినుములు మొలకలకూ అట్లకూ కావలసినన్ని ఉంచి, మిగతావి బద్ద చేయించేస్తున్నాం. ఫ్రీజర్‌లో చోటుంటే సంచీతో సహా వారం రోజులు పెట్టినా గుడ్లు చచ్చిపోతాయి.

సమస్య: పప్పు ఉడకట్లేదు, పిల్లలు తినట్లేదు

పప్పు పాతదై ఉండాలి, లేదా మీవి ఉప్పదనం ఉన్న బోరు నీళ్లై ఉండాలి. గంట నానబెట్టి, తాగే నీళ్లతో వండండి. చింతపండు పప్పు మెత్తబడ్డాకే వేయండి.

సమస్య: గానుగ నూనె ఒక్కోచోట ఒక్కో ధర, ఏది నమ్మాలి?

లెక్క వేసుకోండి. లీటరు వేరుశనగ నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి. గింజలు కిలో 140 అనుకుంటే వాటికే 350 అయింది. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత వెనక్కి వస్తుంది, ఆడించినందుకు కూలి ఉంటుంది. ఇది తెలిశాక ఎవరైనా లీటరు 220కే స్వచ్ఛమైన గానుగ నూనె అంటే ఆలోచించండి. గానుగ నూనె అంటే ఆర్గానిక్ నూనె అనీ కాదు. అది తీసే పద్ధతి మాత్రమే, గింజ ఎక్కడిదో వేరే అడగాలి. మేం గింజలు మేమే కొని తీసుకెళ్లి ఎదురుగా ఆడించుకుంటున్నాం.

సమస్య: బెల్లం నల్లగా ఉంది, మంచిదేనా?

పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేసి ఉండొచ్చు. అలాగని నల్లటిదంతా ఆర్గానిక్ కాదు, పాతబడినా, పాకం ముదిరినా నల్లబడుతుంది. రంగు చూసి ఎక్కువ ధర పెట్టకండి. వండినవాళ్లను చెరకు రసంలో మడ్డి తీయడానికి ఏం వాడతారో అడగండి. బెండ కాడల జిగురు వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వానాకాలానికి నీరు కారకుండా ముక్కలు చేసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

సమస్య: జొన్న, సజ్జ పిండి చేదెక్కుతోంది

పిండి ప్యాకెట్లు కొనడం మానేయండి. గింజలు చవక, నెలల తరబడి నిలవ ఉంటాయి. సజ్జపిండి మరీ తొందరగా చేదెక్కుతుంది కాబట్టి అది వారానికి సరిపడా, జొన్నపిండి రెండు వారాలకు సరిపడా మర ఆడించుకుంటే చాలు.