పాశ్చర్ సినిమా చూసేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

1936లో వచ్చిన 'ది స్టోరీ ఆఫ్ లూయీ పాశ్చర్' ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ జీవితం మీద తీసిన నలుపు తెలుపు సినిమా. గంటన్నర లోపే అయిపోతుంది. పాశ్చర్‌గా వేసిన పాల్ మునికి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. సైన్స్ మీద ఇష్టం పుట్టాల్సిన వయసు పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి పాత సినిమా నాకు తెలియదు. కాకపోతే ఒక్కసారి చూసి వదిలేస్తే సినిమావాళ్లు కల్పించినవి కూడా చరిత్రే అనుకుని ఉండిపోతాం, నేను చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

మొదటిసారి మాత్రం ఏమీ వెతక్కండి, ఫోన్ పక్కన పడేసి కథలో పడిపోండి. బాలింత జ్వరంతో భార్య చనిపోయిందని ఒకతను డాక్టర్‌ని చంపేయడంతో సినిమా మొదలవుతుంది. చేతులు కడుక్కోండి, పనిముట్లు మరిగించండి అని పాశ్చర్ రాసిన కరపత్రం ఆ హత్యకి కారణమంటూ ఆయన మీద పడతారు. ఆ కోపం, ఆ భయం మీకూ తగలాలి. అది తగలకపోతే తర్వాత ఎన్ని వివరాలు తెలిసినా లాభం లేదు.

రెండోసారి చూసేటప్పుడు నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు తెర మీద కనిపించింది, కుడివైపు నిజంగా జరిగింది రాసుకోండి. ముందు సంవత్సరాలు సరిచూడండి. సినిమా 1860లో మొదలవుతుంది, కానీ బాలింత జ్వరం గురించి పారిస్ వైద్య అకాడమీలో పాశ్చర్ లేచి, మాట్లాడుతున్నాయనకి అడ్డం వెళ్లి, గొలుసులా ఉండే ఆ క్రిమి బొమ్మ బోర్డు మీద గీసి చూపించింది 1879లో. డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతలు బతుకుతారని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లోనే చూపించాడు. కుడివైపు ఆయన పేరు తప్పకుండా రాయండి.

తర్వాత విలన్ సంగతి. సినిమాలో పాశ్చర్‌ని ఎదిరించే డాక్టర్ షార్బొనే అనే మనిషి చరిత్రలో లేడు, అతన్ని సినిమా కోసం కల్పించారు. అతను రేబిస్ (పిచ్చికుక్క కాటుతో వచ్చే రోగం) ద్రవాన్ని తనకి తానే ఎక్కించుకునే సీన్ కూడా కల్పనే. నిజంగా ఎదురు నిలబడ్డవాళ్లలో పారిస్‌లో డాక్టర్ మిషెల్ పీటర్, జర్మనీలో క్రిముల మీద పరిశోధన చేసిన రాబర్ట్ కాక్ ఉన్నారు. కాక్ అడిగినవి తెలివితక్కువ ప్రశ్నలు కావు, మీ టీకాలో వేరే క్రిములు కలిసి ఉన్నాయి కదా అన్నాడు. ఎదుటివాడు తెలివైనవాడైతే గెలవడం ఎంత కష్టమో సినిమా చూపించదు, నాకు దాని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే.

గొర్రెల సీన్ దగ్గర తప్పకుండా ఆపండి, ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టాలి. ఇది నిజంగా 1881లో, మెలూన్ దగ్గర పుయీ-ల-ఫోర్ అనే ఊళ్లో జరిగింది. కొన్ని గొర్రెలకి మే 5న ఒకసారి, 17న ఇంకోసారి ఆంత్రాక్స్ (పశువుల్ని చంపే రోగం) టీకా వేసి, 31న అన్నిటికీ బలమైన ఆంత్రాక్స్ క్రిములు ఎక్కించారు. జూన్ 2న జనం వచ్చి చూస్తే టీకా వేసిన గొర్రెలు మేత మేస్తున్నాయి, వేయనివి దాదాపు అన్నీ చచ్చిపడి ఉన్నాయి. సినిమాలో లేని సంగతి ఏంటంటే, గాలి తగిలించి క్రిముల బలం తగ్గించే తన పద్ధతి గురించే పాశ్చర్ జనానికి చెప్తూ వచ్చాడు, కానీ ఆ రోజు వాడిన టీకా ఆయన సహాయకుడు షాంబర్లాన్ పొటాషియం డైక్రోమేట్ అనే రసాయనంతో తయారుచేసింది. ల్యాబ్ నోట్‌బుక్‌లు ఎవరికీ చూపించొద్దని పాశ్చర్ ఇంట్లోవాళ్లకి చెప్పాడు. 1964లో మనవడు వాటిని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాక ఈ విషయం తేటతెల్లమైంది. పిల్లలతో చూస్తుంటే ఇక్కడ ఆపి, ఆయన ఇలా ఎందుకు చేసి ఉంటాడు అని అడగండి, మీరు మాత్రం వెంటనే జవాబు చెప్పొద్దు.

ఆపాల్సిన రెండో చోటు జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడి సీన్. 1885 జులై 6న అల్సాస్ నుంచి పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాణ్ని తల్లి తీసుకొచ్చింది. పాశ్చర్ రసాయన శాస్త్రవేత్తే కానీ డాక్టర్ కాదు, సూది వేసే హక్కు లేదు, అందుకని డాక్టర్ గ్రాంషే వేశాడు. మందు ఎలా ఉండేదంటే, రేబిస్‌తో చచ్చిన కుందేలు వెన్నుపాము ముక్కని దారంతో సీసాలో వేలాడదీసేవారు, అడుగున తేమ పీల్చే పొటాష్ ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ ఆ ముక్క ఎండి విషం తగ్గుతుంది. బాగా ఎండినదానితో మొదలుపెట్టి, రోజురోజుకీ తాజాది ఎక్కిస్తూ మొత్తం 13 సూదులు వేశారు. చివరివి అసలు రోగమే తెప్పించగలిగేంత తాజావి. ఇది తెలిశాక మళ్లీ ఆ సీన్ చూడండి, పిల్లాడి మంచం దగ్గర పాశ్చర్ ముఖం మీకు వేరేగా కనిపిస్తుంది.

చూపించేది పిల్లలకైతే తప్పుల లిస్టుతో మొదలుపెట్టకండి, ముందు సినిమాని ప్రేమించనివ్వండి.

చివర్లో పాశ్చర్‌కి జరిగే సన్మానాన్ని 1892 డిసెంబర్ 27న పారిస్‌లోని సోర్బన్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఆయన 70వ పుట్టినరోజు సభతో పోల్చుకోండి. ఆ రోజు ఇంగ్లండ్ నుంచి ఆపరేషన్లలో క్రిముల్ని చంపే పద్ధతి తెచ్చిన సర్జన్ లిస్టర్ వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నాడు. పాశ్చర్‌కి మాత్రం గొంతు పెగలక, ఆయన రాసుకొచ్చిన ప్రసంగాన్ని కొడుకు చదివాడు.