అద్దె కారులో పల్లెదారులు: కర్నూలు నుంచి గండికోట దాకా

సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని యాగంటి, బేలం గుహలు, గండికోట చుట్టి వచ్చేవాళ్లకు హైవే మీద పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా హైవే దిగాకే. పల్లెదారి దెబ్బ తీసేది టైర్లను, కారు అడుగుభాగాన్ని, నీళ్లు మింగితే ఇంజన్‌ను. అద్దె ఒప్పందాల్లో ‘బీమా వర్తించదు’ అని రాసేది ఎక్కువగా ఈ మూడింటి గురించే. సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవండి.

తాళాలు తీసుకునే ముందు

నంబర్ ప్లేటు నల్లగా, అక్షరాలు పసుపుగా ఉండాలి. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు అనుమతి ఉన్న కారుకు అదే గుర్తు. తెల్ల ప్లేటు సొంత కారును చవగ్గా అద్దెకిస్తామన్నా వద్దనండి; ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు.

పగటి వెలుగులో కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. బంపర్ల అడుగు, రిమ్ములు, ముందు అద్దం, కిలోమీటర్ రీడింగ్, పెట్రోల్ (డీజిల్) ముల్లు అన్నీ పడాలి. అక్కడే ఓనర్‌కు వాట్సాప్ చేయండి.

డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ చూడటం చాలామంది మరిచేపోతారు. దాంట్లో గాలి ఉందా? జాకీ, దాని రాడ్డు, వీల్ పానా ఉన్నాయా? టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటిన టైర్లుంటే ఇంకో కారు అడగండి.

ఎంత గాలి పెట్టాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఎండలో నడిచిన టైరు రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. గాలి తక్కువైన టైరే పక్కలు నలిగి, వేడెక్కి పేలుతుంది.

తర్వాత ఖాళీ జాగాలో పదిహేను నిమిషాలు నడపండి: బ్రేకు ఎక్కడ పడుతుంది, క్లచ్ ఎక్కడ అందుకుంటుంది, రివర్స్ ఎటు, డిప్పర్ ఎటు. కొన్ని అద్దె కార్లకు వేగం 80 దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉంటుంది. లారీని సగం దాటాక ఆ సంగతి తెలిస్తే కష్టం, ముందే అడగండి.

దారిలో

బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల లారీలు తిరుగుతుంటాయి. వెనకే అంటుకుని వెళ్లకండి; పెళ్ల జారితే తప్పించుకునే చోటుండదు.

కోతల కాలంలో రైతులు కంది, ఉలవ, కొర్ర రోడ్డు మీద పరిచి వాహనాలతో తొక్కిస్తారు. దాన్లోకి దూరకండి, పక్కన జాగా లేకపోతే కాసేపు ఆగి దారి ఇవ్వమని అడగండి. ఉలవ కట్టె యాక్సిల్‌కు చుట్టుకుని, సైలెన్సర్ వేడికి అంటుకుని కార్లు కాలిన సందర్భాలున్నాయి. తప్పక తొక్కాల్సి వస్తే దాటగానే ఆగి, అడుగున చిక్కినదంతా లాగేయండి.

గొర్రెల మంద ఎదురైతే హారన్ వద్దు. బెదిరి కారు మీదికే వస్తాయి.

కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతం నల్లరేగడి. వానపడ్డాక ఎదుటి బండికి దారివ్వాలని తారు దిగితే చక్రం కూరుకుపోతుంది. గరుసు (కంకర నేల) ఉన్న చోటు చూసి ముందే ఆగండి. దిగబడితే రేజ్ చేయొద్దు, చక్రం ఇంకా లోతుకు పోతుంది. చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. వాటి కింద నాపరాయి పెళ్లలో కంది కట్టెలో వేసి, రెండో గేరులో నెమ్మదిగా కదపండి.

వాగులు, వంకలు మరీ మోసం చేస్తాయి. ఎగువన వానపడితే ఇక్కడ చినుకు లేకున్నా పారతాయి. ఒక అడుగు ఎత్తున పారే నీరు చిన్న కారును తేల్చేయగలదు. వంక నీళ్లు రోడ్డు మీదుగా పారే కాజ్‌వే దగ్గర అంచు రాళ్లు కనబడకపోతే వెనక్కి తిప్పండి. ‘ట్రాక్టర్ పోయింది, ఏం కాదు పోన్నా’ అనేవాళ్లుంటారు. ట్రాక్టర్ ఎత్తు, బరువు వేరు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో చేరిన నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తోయించి బయటికి తీసి మెకానిక్‌ను పిలవండి.

గండికోట దాటి ఇంకా ముందుకు వెళ్తే, కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచండి. కాలు బ్రేకు మీదే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. కాలిన వాసనొస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి.

పొద్దు గుంకేలోపు ఊరు చేరేలా చూసుకోండి. వెనక లైటు లేని ట్రాలీలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, ఇంటిదారి పట్టిన ఎనుములు, అన్నీ ఆ వేళకే రోడ్డు మీదుంటాయి.

పంచరైతే

గట్టి నేల మీద ఆపి హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేరులో ఉంచండి. పంచరైన చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కారు ఎత్తకముందే నట్లు అర చుట్టు వదులు చేయాలి. ఎత్తాక చక్రం తిరుగుతుంది. జాకీని డోర్ల కింద అంచులో గుర్తున్న చోటే పెట్టండి. నేల మెత్తగా ఉంటే జాకీ కింద పలక వేయండి, నాపరాయి మాత్రం వద్దు, బరువుకు పుటుక్కుమంటుంది. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి. స్టెప్నీ సైజు చిన్నదైతే 80 దాటొద్దు.

సాయానికి 112, అంబులెన్స్‌కు 108, జాతీయ రహదారి మీదైతే 1033.

అప్పగించే ముందు కారు కడిగించండి. బురద ఉంటే పాత గీత ఏదో కొత్త గీత ఏదో తేలదు. ఓనర్ కారు అడుగుభాగం కూడా చూసి, ఏమీ లేదని మెసేజ్ పెట్టాకే డిపాజిట్ లెక్క చూసుకుని కదలండి.