డాఫ్నియా టెస్టులో కంట్రోలే పడిపోతోందా? సమస్య – పరిష్కారం

రసాయనాల విషం కొలవడానికి డాఫ్నియా (నీటి ఈగ అనే చిన్న మంచినీటి జీవి) పిల్లల మీద చేసే టెస్టు ఓఈసీడీ 202. అది చేసేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఒకటే: "కంట్రోల్ ఫెయిలైంది, కల్చర్ మొత్తం మార్చేయమంటారా?" కంట్రోల్ అంటే రసాయనం కలపని బీకర్లు, కల్చర్ అంటే పిల్లల కోసం ల్యాబులో పెంచే తల్లులు. నేను తిరిగి అడిగేదీ ఒకటే. కదలని పిల్లలు నీటి మీద తేలుతున్నాయా, అడుగున పడి ఉన్నాయా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. షీటులో "3/20" అని రాసి, బీకర్లు అప్పటికే కడిగేసి ఉంటారు. దయచేసి కడగకండి. బీకరు వెనక నల్ల కాగితం పెట్టి, పక్కనుంచి లైటు వేసి, ఒక్కో బీకరును ఓ నిమిషం చూడండి. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

టెస్టు పద్ధతి మీకు తెలుసు కాబట్టి అది మళ్లీ చెప్పను. 24 గంటల లోపు పిల్లలు, ఒక్కో గాఢతకు 20, టెస్టు 48 గంటలు, మేత లేదు, గాలి కొట్టడం లేదు. కంట్రోల్‌లో కదలనివి 10 శాతం దాటకూడదు, అంటే 20లో రెండు వరకే. మూడోది పడితే టెస్టు పోయినట్టే.

పిల్లలు నీటి మీద తేలుతున్నాయి

ఇది విషం పని కాదు, మీ డ్రాపర్ పని. పిల్లను నీటి పైనుంచి చుక్కలా వదిలితే పెంకు కింద గాలి చిక్కుకుంటుంది. ఇక అది కిందికి దిగలేదు. డ్రాపర్ కొన నీటిలో ముంచి, అప్పుడు మెల్లగా వదలండి. కొన సన్నగా ఉంటే విరగ్గొట్టి, మంట మీద నునుపు చేసి వాడండి. తేలుతున్నవాటిని "బతికే ఉన్నాయి కదా" అని వదిలేయకండి. కంట్రోల్‌లో అలా పైన చిక్కుకోవడం కూడా ఒత్తిడి లక్షణం కిందే లెక్క.

కదలట్లేదని రాశారు, మళ్లీ చూస్తే ఈదుతున్నాయి

బీకరును మెల్లగా కదిపి 15 సెకన్లు ఆగాలి. ఆ 15 సెకన్లలో ఈదకపోతేనే ఇమ్మొబైల్, అంటే కదలనిది. యాంటెనాలు ఆడుతున్నా ఈత లేకపోతే ఇమ్మొబైలే. ఇద్దరు చూస్తే రెండు లెక్కలు వస్తున్నాయంటే, ఇద్దరిలో ఒకరు గడియారం చూడట్లేదని అర్థం.

పొటాషియం డైక్రోమేట్ ఈసీ50 రేంజ్ దాటింది

పిల్లలు సరైన స్థితిలో ఉన్నాయో లేదో చూడటానికి వాడే రసాయనం ఇది. ఈసీ50 అంటే సగం పిల్లలను కదలకుండా చేసే గాఢత. లీటరుకు 0.6 నుంచి 2.1 మి.గ్రా. అన్న రేంజ్ 24 గంటల ఈసీ50కి సంబంధించినది. 48 గంటల విలువను తెచ్చి దానితో పోల్చి, తక్కువ వచ్చిందని కంగారు పడేవాళ్లను ఎంతమందిని చూశానో. ముందు ఏ గంటల విలువ చూస్తున్నారో సరిచూసుకోండి. అది సరిగ్గానే ఉంటే పిల్లల వయసు చూడండి. సాయంత్రం తల్లులను వేరు చేయడం మరిచిపోతే పొద్దున మీ చేతికి వచ్చేవి 24 గంటలు దాటినవి. అవి మొండివి, ఈసీ50 పైకి పోతుంది. విలువ కిందికి పోతే గది వేడి, నీటి గట్టిదనం చూడండి. తొలి కాన్పు పిల్లలను టెస్టుకు తీసుకోకూడదని కూడా గుర్తుపెట్టుకోండి.

పిల్లలు అడుగున, పక్కకి ఒరిగి, వణుకుతున్నాయి

ఈ ఒక్కదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దీని చేతిలో నేను మూడు వారాలు నలిగాను.

అప్పట్లో నేను పనిచేసిన ల్యాబులో, వానాకాలంలో, కంట్రోల్ వరుసగా ఫెయిల్ కావడం మొదలైంది. తల్లులు చక్కగా ఉన్నాయి. మూడు రోజులకోసారి పిల్లల్ని పెడుతున్నాయి, పేగు పచ్చగా కనిపిస్తోంది, వీపు మీద నల్లటి ఎఫిపియా (ఇబ్బంది వచ్చినప్పుడు పెట్టే గుడ్ల సంచి) లేదు. పిల్లలను టెస్టు బీకర్లలో వేస్తే మాత్రం మర్నాటికి నాలుగైదు అడుగున ఉంటున్నాయి. చచ్చిపోయినవి కూడా కావు. లైటు పెట్టి చూస్తే పక్కకి ఒరిగి, కాళ్లూ యాంటెనాలూ సన్నగా వణుకుతున్నాయి. కొన్ని పైకి లేవబోయి అక్కడే గిరగిరా తిరిగి మళ్లీ పడిపోతున్నాయి. అంత టెన్షన్‌లో ఆ వణుకును నేను పట్టించుకోలేదు. కల్చర్‌దే తప్పనుకున్నాను. మేతగా వేసే నాచు మార్చాం, కొత్త ఉప్పులు తెచ్చి నీళ్లు కలిపాం, బీకర్లన్నీ ఆసిడ్‌తో కడిగాం. క్లోరిన్ చూస్తే సున్నా. గట్టిదనం 250, పీహెచ్ 7.8. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కంట్రోల్ మాత్రం పోతోంది.

ఒక శుక్రవారం నీళ్లు అయిపోతే పొద్దున్నే కొత్తగా కలిపి, ఎప్పటిలా టెస్టుకు ముందు రాత్రంతా పంపుతో నీళ్లకు గాలి కొట్టే టైము లేక, చేత్తో బాగా గిలక్కొట్టి వాడేశాం. ఆ టెస్టులో ఒక్క పిల్ల కూడా పడలేదు. అప్పుడు గాలి గొట్టం పట్టుకుని వెనక్కి వెళ్లాను. గొట్టం గోడలోంచి కారిడార్‌లోకి పోయింది. శబ్దం వస్తోందని పంపును ఎవరో అక్కడ పెట్టారు. పంపు ప్లగ్గు ఉన్న బోర్డులోనే, పక్క సాకెట్లో, రాత్రి వాచ్‌మన్ పెట్టుకున్న దోమల లిక్విడ్ మెషిన్ ఉంది. రెండింటి మధ్య జానెడు దూరం కూడా లేదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ పంపు దోమల మందు ఆవిరిని పీల్చి మా నీళ్లలోకి బుడగలుగా పంపుతోంది.

ఆ మెషిన్లలో ఎక్కువగా ఉండేది ట్రాన్స్‌ఫ్లుత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ రకం పురుగుమందు. ఇది నరాల మీద పనిచేస్తుంది కాబట్టే ఆ వణుకు. డాఫ్నియా కూడా పురుగులకు దగ్గరి చుట్టమే. దాన్ని పడగొట్టడానికి పైరెత్రాయిడ్స్ మిల్లీగ్రాములు అక్కర్లేదు, లీటరుకు మైక్రోగ్రాముల్లో చాలు. ఆ స్థాయిలో ఉన్నది మీ పీహెచ్ మీటరుకీ క్లోరిన్ కిట్టుకీ కనిపించదు. తల్లులు ఎందుకు బాగున్నాయో కూడా అప్పుడే అర్థమైంది. వాటి బీకర్లకు మూత ఉంది, గాలి గొట్టం లేదు, నీళ్లలో నాచు ఉంది. ఇలాంటి మందు నాచుకు అంటుకుపోతుంది, నీళ్లలో మిగిలేది తక్కువ.

మీ దగ్గర ఇదేనా అన్నది రెండు రోజుల్లో తేల్చుకోవచ్చు. ఒకే రోజు కలిపిన నీళ్లను మూడు భాగాలు చేయండి. ఒకదానికి పంపు గాలి వద్దు. రెండోదానికి మామూలుగా మీరు పెట్టే చోటే, మీ గొట్టంతోనే, రాత్రంతా గాలి కొట్టండి. మూడోదానికి వేరే గదిలో, కొత్త గొట్టం, కొత్త పంపుతో కొట్టండి. ఒకే తల్లుల పిల్లలను తలా 20 వేసి 48 గంటలు చూడండి. రెండోది మాత్రమే పడితే దోషం గాలిదో గొట్టానిదో. మూడూ పడితే నీళ్లలోనో గాజు సామానులోనో వెతకండి.

పరిష్కారం మెషిన్ పీకేయడంతో అయిపోదు. నేను పీకేశాక ఇంకో రెండు టెస్టులు పోయాయి. సిలికాన్ గొట్టం ఆ మందును స్పాంజిలా పట్టి ఉంచి, రోజూ కొంచెం కొంచెం వదులుతుంది. గొట్టం, గాలి రాయి పారేయండి. ఆ నీళ్లు నిలవ చేసిన ప్లాస్టిక్ డబ్బా కూడా పారేయండి. గాజు సామాను ముందు ఎసిటోన్‌తో, తర్వాత పలచటి ఆసిడ్‌తో కడిగి, డీఅయొనైజ్డ్ నీళ్లతో బాగా తొలవండి. ఆసిడ్ ఒక్కటే పైరెత్రాయిడ్‌ను వదిలించదు, మేం కడిగింది అందుకే పనికిరాలేదు. పంపుకు గాలి శుభ్రమైన చోటు నుంచి వచ్చేట్టు చూసి, మధ్యలో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

వాచ్‌మన్‌ను తిట్టకండి. రాత్రంతా దోమల్లో కూర్చునేది ఆయన. మేం ఆయనకు ఫ్యాను పెట్టించి, కిటికీలకు మెష్ కొట్టించాం. కాయిల్, స్ప్రే, లిక్విడ్ ఏదీ ఆ అంతస్తులో వద్దని ఎందుకో వివరంగా చెబితే ఆయనే మిగతావాళ్లకు కాపలా కాశారు. బిల్డింగుకు పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే తేదీలు కూడా ముందే తెలుసుకుని లాగ్ బుక్కులో రాయండి. అదీ పురుగుమందే కాబట్టి, ఇంట్లో కుక్కకు పిడుదుల మందు రాసి వచ్చినవాళ్లు గ్లవుజులు లేకుండా డ్రాపర్ ముట్టుకోకూడదు.

టెస్టు చివర్లో నీటిలో ఆక్సిజన్ లీటరుకు 3 మి.గ్రా. కంటే తగ్గింది

ముందు ప్రోబ్ క్యాలిబ్రేట్ చేసి మళ్లీ కొలవండి. 10 మి.లీ. ఉన్న బీకరులో ప్రోబ్ ముంచి వెంటనే చదివితే తప్పు విలువే వస్తుంది. నిజంగానే తగ్గితే, మీ పదార్థం తేలిగ్గా కుళ్లేదై ఉండాలి, లేదా ఆవిరైపోతుందని బీకరు మూసేసి ఉండాలి. పిల్లకు 2 మి.లీ. అన్నది కనీసం మాత్రమే, నీళ్లు పెంచండి.

లోహం టెస్టులో ఏమీ పడట్లేదు

ఎం4, ఎం7 అనే ప్రామాణిక రెసిపీల నీళ్లలో ఈడీటీఏ అనే రసాయనం ఉంది, లోహాన్ని అది పట్టేసుకుంటుంది. లోహాలకు ఈడీటీఏ లేని, ఐఎస్ఓ ప్రమాణం చెప్పిన నీళ్లే వాడండి.

మిగతావి

లైటు ఎక్కువైంది, మేడ మీద డ్రిల్లింగ్ జరుగుతోంది, కల్చర్‌కు వయసైంది, ఉప్పు బ్యాచ్ చెడ్డది... ఇవి జరగవని అనను గానీ చాలా అరుదు. గాలి గొట్టం రెండో కొస ఎక్కడుందో మీ కళ్లతో చూసి వచ్చేదాకా వీటి జోలికి పోకండి.