క్రియాటినిన్ 1.3 అని చీటీ వస్తే ఊరు ఏం అడగాలి

ల్యాబ్ చీటీలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తం నుంచి వడకట్టే వ్యర్థం, 1.3 అని ఉంటుంది. పక్కన ‘నార్మల్’ గడిలో ఒక ల్యాబు 1.2 వరకు అంటుంది, ఇంకోటి 1.4 వరకు అంటుంది. ‘కాస్త ఎక్కువే, నీళ్లు బాగా తాగు’ అని పంపేస్తారు. కిడ్నీ జబ్బు బాగా ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది విషయంలో ఏళ్లు వృథా అయ్యేది ఇక్కడే. అదే 1.3ని 2021లో వచ్చిన సూత్రంలో వేస్తే 45 ఏళ్ల మగమనిషికి కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్‌ఆర్, 69 వస్తుంది. అదే వయసు ఆడమనిషికి 52. అది 60 కంటే దిగువన మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్క. చీటీ ఒక్కటే, కానీ ఆయన వచ్చే ఏడాది పరీక్షకు రావచ్చు, ఆవిడ మూడు నెలల్లో రావాలి. అందుకే కవిటి అయినా, కంచిలి అయినా, వజ్రపుకొత్తూరు అయినా, ఊరి మొదటి డిమాండు ఇలా ఉండాలి: ప్రతి క్రియాటినిన్ చీటీ మీద ఈజీఎఫ్‌ఆర్ కూడా అచ్చువేసి ఇవ్వాలి. దీనికి కొత్త మెషీను అక్కర్లేదు, బడ్జెట్ లేదని తప్పించుకోవడానికీ వీల్లేదు.

ఒక్క అంకె మీద పోరాడితే ఏం వస్తుందో అమెరికాలో నల్లజాతివారి అనుభవం చూస్తే తెలుస్తుంది. అక్కడి జనాభాలో వాళ్లు సుమారు 13 శాతం, డయాలసిస్ మీద ఉన్నవారిలో మాత్రం మూడో వంతుకు పైగా. అంతకుముందు వాడిన ఒక సూత్రం నల్లజాతి రోగుల ఈజీఎఫ్‌ఆర్‌ను 1.21తో హెచ్చవేసేది, 2009 నాటిది 1.159తో. వాళ్లకు కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువన్నది అప్పటి వాదన. డయాలసిస్ మొదలుకాకముందే మార్పిడి కిడ్నీ కోసం వరుసలో సమయం లెక్కకు రావాలంటే ఈజీఎఫ్‌ఆర్ 20కి దిగాలి. మామూలుగా 18 వచ్చే మనిషికి ఆ హెచ్చవేతతో దాదాపు 21 వస్తుంది, వరుస మొదలుకాదు. మెడికల్ విద్యార్థులు, రోగులు, కొందరు డాక్టర్లు ఈ హెచ్చవేతనే పట్టుకున్నారు. 2017లో బోస్టన్‌లో ఒక పెద్ద ఆసుపత్రి దాన్ని వదిలేసింది. 2021లో అక్కడి కిడ్నీ ఫౌండేషన్, కిడ్నీ వైద్యుల సంఘం కలిసి వేసిన కమిటీ జాతి ప్రస్తావన లేని సూత్రం వాడమంది. 2022లో అవయవ మార్పిడి వ్యవస్థ పాత లెక్కను నిషేధించింది. 2023 జనవరి నుంచి, పోయిన నిరీక్షణ కాలాన్ని వెనక్కి లెక్కగట్టి ఇవ్వడం మొదలైంది.

మన దగ్గర తప్పు ఇంకో దారిలో వస్తుంది. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. బక్కపలచని కూలి మనిషికి, మాంసం అరుదుగా తినేవారికి అది సహజంగానే తక్కువగా ఉంటుంది, దాంతో కిడ్నీలు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తాయి. 62, 65 వచ్చిన సన్నటి మనిషిని ‘బాగానే ఉన్నావు’ అని వదలకుండా మూడు నెలల్లో మళ్లీ పిలవమని అడగండి.

క్యాంపు పెట్టిస్తే వేళ ముఖ్యం. పదింటికి పెడితే జీడి తోటకు, పిక్కల బట్టీకి, వేటకు వెళ్లినవాళ్లు ఎవరూ దొరకరు. సాయంత్రం పెడితే ఎండలో చెమటోడ్చి వచ్చిన ఒంటికి క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది. పొద్దున్నే పనికి పోకముందు, ముందురోజు రాత్రి మాంసం తినకుండా ఉంటే లెక్క నిలకడగా వస్తుంది. వలస వెళ్లినవాళ్లు కావాలంటే సంక్రాంతి వారం మించింది లేదు. తీసిన రక్తం నుంచి రెండు గంటల్లో సీరం వేరుచేయాలి. ఎండలో జీపులో తిప్పిన గొట్టాలతో వచ్చిన ఫలితాన్ని నమ్మలేం. రెండోసారి పరీక్ష అదే ల్యాబులో చేయించాలి. మూత్రంలో ముంచే పట్టీ ఒక్కదానితో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. ఈ ప్రాంతపు జబ్బులో ప్రొటీను తక్కువగా పోతుంది, లేదా అసలు పోదు. పట్టీ రంగు మారనంత మాత్రాన కిడ్నీ బాగున్నట్టు కాదు.

ఊరి జాబితా మీరే రాసుకోండి: వయసు, ఆడా మగా, చేసే పని, తాగే నీరు బోరుదా బావిదా కుళాయిదా ప్లాంటుదా, ఎన్నేళ్లుగా తాగుతున్నారు, బీపీ, షుగరు, క్రియాటినిన్, తేదీ, ల్యాబు. నొప్పి బిళ్లలు వారానికి ఎన్ని వాడుతున్నారన్నది కూడా. పేర్లు మాత్రం వేరే పుస్తకంలో ఉండాలి, బయటికిచ్చే కాగితంలో కోడ్ నంబర్లే. పేర్లతో జాబితా ఒకసారి ఫోన్లలో తిరిగితే ఆ ఇంటి పిల్లల సంబంధాల దాకా పోతుంది, తర్వాత పరీక్షకు ఎవరూ చెయ్యి చాపరు.

నీటి విషయంలో తొందరపడే ఊళ్లే ఎక్కువ. బోరును ఐదు నిమిషాలు వదిలి, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, లీటరు పట్టి, చోటు, తేదీ రాసి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకు ఇవ్వండి. సూక్ష్మజీవుల పరీక్షకు వేరే శుభ్రపరిచిన సీసా కావాలి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5, నైట్రేటు 45, కరిగిన లవణాలు 2000 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదని జాతీయ ప్రమాణం. ఊళ్లో ఉండే చిన్న కిట్టు సిలికాను, సీసం లాంటి లోహాలను చూపదు, అవి కావాలంటే ల్యాబును రాతపూర్వకంగా అడగాలి.

అర్జీలో ‘నీళ్ల వల్లే చనిపోతున్నారు’ అని రాయకండి. కారణం ఇంకా తేలలేదు. సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ, నొప్పి బిళ్లలు, అన్నీ అనుమానాలే. ‘రుజువేది’ అని ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు. కారణం తేలకపోయినా చేయదగ్గవి అడగండి: 18 దాటిన ప్రతివారికి ఏడాదికోసారి పరీక్ష, ఎండాకాలంలో ఉపాధి పని తెల్లవారుజామునే మొదలుపెట్టి పదికల్లా ముగించడం, పని దగ్గర నీడ, నీరు, డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు చీటీ లేకుండా అమ్మకుండా మందుల దుకాణాలపై తనిఖీ. డయాలసిస్ మంచాలు అడిగితే ఫొటోలతో సహా వస్తాయి, ఇవి అడిగితే నసుగుతారు. అయినా ఇవే ముందు అడగాలి.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు, అందులో లెక్క కనబడాలి. 18 దాటినవారు 640 మంది ఉన్న ఊళ్లో వారానికి 20 పరీక్షలే చేస్తే అందరికీ అయ్యేసరికి 32 వారాలు పడుతుంది. ఈ వాక్యం చదివిన అధికారికి జవాబు చెప్పక తప్పదు. ముందు గ్రామసభ తీర్మానం, దాని నకలు పీహెచ్‌సీ డాక్టరుకు, తర్వాత సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. ‘కిడ్నీ రోగులకు ఏం చేశారు’ అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. ‘గత 12 నెలల్లో నెలవారీగా ఎన్ని క్రియాటినిన్ పరీక్షలు చేశారు, రీజెంటు (పరీక్షకు వాడే రసాయనం) ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లేదు’ అని అడిగితే రిజిస్టరు తీయక తప్పదు. గడువు 30 రోజులు. ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు అదే కార్యాలయంలోని పై అధికారికి, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు. మూడు తేదీలూ దరఖాస్తు పెట్టిన రోజే క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.